అణుబాంబు పిలుచుకొచ్చిన పెద్దమనిషి

"అసలు వాడెవడ్రా మన మధ్యలోకి రావడానికి?"

2025 మే 10 సాయంత్రం మా బాబాయి ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. పాకిస్తాన్‌తో కాల్పుల విరమణ కబురు మన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ చెప్పకముందే ట్రంప్ పోస్టులో వచ్చేసింది. రాత్రంతా అమెరికా మధ్యవర్తిత్వంలో చర్చలు జరిగాయనీ, రెండు దేశాలూ ఒప్పుకున్నాయనీ ఆయన రాసుకున్నాడు. కాసేపటికి మిస్రీ వచ్చి, మధ్యాహ్నం 3.35కి పాకిస్తాన్ డీజీఎంవో (సైనిక చర్యలు చూసే డైరెక్టర్ జనరల్) మన డీజీఎంవోకి ఫోన్ చేశాడనీ, ఐదింటి నుంచి కాల్పులు ఆపేశామనీ చెప్పాడు. ఆ ప్రకటనలో అమెరికా ఊసే లేదు. అమెరికా విదేశాంగ మంత్రి రూబియో మాత్రం ఇంకో అడుగు ముందుకేసి, ఇద్దరూ ఒక తటస్థ వేదిక మీద అన్ని విషయాలూ మాట్లాడుకుంటారని ప్రకటించేశాడు. బాబాయికి మండింది అక్కడే.

మా బాబాయికి మన అణుబాంబంటే మహా గర్వం. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు జరిగినప్పుడు మౌలాలిలో తన వీధంతా స్వీట్లు పంచాడు. న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కి దగ్గర్లో ఇల్లుండటం కూడా ఆ గర్వంలో భాగమే. (అక్కడ తయారయ్యేది కరెంటు రియాక్టర్లకి ఇంధనం, బాంబులు కాదు బాబాయ్ అని ఎన్నిసార్లు చెప్పినా వినడు.) మే 7న మాక్ డ్రిల్‌లో భాగంగా అక్కడ సైరన్ మోగినప్పుడు పిన్ని కంగారు పడితే, "మన దగ్గరా ఉంది, వాళ్ళేం చెయ్యలేరు" అని ధైర్యం చెప్పాడట.

బాబాయి గర్వమూ, ఆ సాయంత్రం ఆయనకొచ్చిన కోపమూ ఒకే వేరు నుంచి పుట్టాయని నా అభిప్రాయం. మనం బాంబు తయారు చేసుకున్నది ఎవరి మాటా వినక్కర్లేకుండా బతకడానికి. కానీ పాకిస్తాన్ దగ్గర కూడా బాంబు ఉన్నంతకాలం మన ఇద్దరి గొడవ ఇద్దరి గొడవగా మిగలదు. గొడవలు ఇద్దరమే తేల్చుకుందామన్న 1972 సిమ్లా ఒప్పందంతో మనం గుమ్మం బయట నిలబెట్టిన పెద్దమనిషిని, మన పోఖ్రాన్, పాకిస్తాన్ పరీక్షలు జరిపిన చాగై కలిసి లోపలికి పిలిచి కుర్చీ వేశాయి.

1998 జూన్‌లో ఏం జరిగింది

మన పరీక్షలు మే 11, 13 తేదీల్లో. పాకిస్తాన్ పరీక్షలు మే 28, 30 తేదీల్లో. జూన్ 6న భద్రతామండలి 1172వ తీర్మానం చేసింది. ఇద్దరినీ తిట్టింది, పరీక్షలు ఆపమంది, అంతవరకూ ఊహించినదే. అయితే ఉద్రిక్తతలకి మూలమైన విషయాలను పరిష్కరించుకోమని చెబుతూ, అందులో కశ్మీర్‌ని పేరు పెట్టి మరీ చేర్చింది. 1972 నుంచి మన దౌత్యవేత్తలు ఏ అంతర్జాతీయ సభలో కశ్మీర్ మాట వచ్చినా "అది మా ఇద్దరి విషయం" అని పక్కన పెట్టిస్తూ వచ్చారు. పాకిస్తాన్ ఎన్నో ఏళ్ళుగా తిరిగి తిరిగి సాధించలేనిది, రెండు ఎడారుల్లో జరిగిన పేలుళ్ళు నెలలోపే సాధించి పెట్టాయి.

మే 12 దాకా సైన్యంలో, ఆర్థిక బలంలో, జనాభాలో మనది పైచేయి. మే 30 తర్వాత ప్రపంచం దృష్టిలో ఇద్దరూ ఒకటే అయిపోయారు: "దక్షిణాసియా అణు దేశాలు". ఆ జంట పేరు నుంచి బయటపడటానికి మనకి పదేళ్ళు పట్టింది.

తాష్కెంట్ సంగతి

నేనిలా అన్నానో లేదో బాబాయి పట్టుకున్నాడు. "ఒరే, 1965 యుద్ధం అయ్యాక సంధికి తాష్కెంట్ వెళ్ళలేదూ? అప్పుడెవడి దగ్గరుందిరా బాంబు? 71లో అమెరికా నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి రాలేదూ?" ఆయన చిన్నతనం విశాఖలో గడిచింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రోజులు, బ్లాకౌట్ రాత్రులు, కిటికీలకి అంటించిన నల్ల కాగితాలు ఆయనకి గుర్తు. ఆ ప్రశ్నకి తొందరపడి జవాబు చెప్పడం కష్టం.

నిజమే, మూడో మనిషి అణుబాంబుతోనే పుట్టలేదు. అయితే తేడా అతను ఎప్పుడొచ్చాడన్న దాంట్లో ఉంది. 1965లో సోవియట్ యూనియన్ కాల్పుల విరమణ అయ్యాక, తర్వాతి జనవరిలో, సంధి కుదర్చడానికి ఇల్లు చూపించింది. 1971లో అమెరికా నౌక బెదిరించడానికే వచ్చింది, అది వచ్చేలోపు మనం చేయాలనుకున్నది చేసేశాం. ఢాకా పడిపోయింది. ఆ యుద్ధంలో పెద్దమనిషి రాకముందే పంచాయితీ ముగిసింది. రెండు వైపులా బాంబులున్నాక అలా ముగించే వీలు పోయింది. ఇప్పుడు యుద్ధం మొదటి గంట నుంచే వాషింగ్టన్‌లో ఎవరో ఒకరు గడియారం చూసుకుంటూ కూర్చుంటారు.

పరీక్షలు జరగకముందే దీని తొలి రూపం కనిపించింది. 1990 మేలో, రెండు వైపులా బాంబు ఉందనో, దాదాపు ఉందనో అమెరికా నమ్మడం మొదలుపెట్టాక, కశ్మీర్ ఉద్రిక్తతల మధ్య తన జాతీయ భద్రతా ఉప సలహాదారు రాబర్ట్ గేట్స్‌ను ఇస్లామాబాద్‌కీ ఢిల్లీకీ పంపింది. అప్పటి నుంచీ ఈ రాకపోకలు ఆగలేదు.

ఒక దేశం ఇందుకోసమే బాంబులు చేసుకుంది కూడా. దక్షిణాఫ్రికా రహస్యంగా ఆరు బాంబులు తయారు చేసింది. వాటిని ఎవరి మీదా వేసే ఉద్దేశం వాళ్ళకి పెద్దగా లేదు. అంగోలా వైపు నుంచి క్యూబా సైన్యాలు, వాటి వెనక సోవియట్ అండ మరీ మీదికొస్తే, ముందు అమెరికా చెవిన వేయడం, వినకపోతే భూగర్భంలో ఒకటి పేల్చి చూపించడం, అలా పశ్చిమ దేశాలను తమ తరఫున రప్పించుకోవడం: ఇదీ పథకం. 1993లో అధ్యక్షుడు డి క్లార్క్ తమ పార్లమెంటుకి చెప్పేనాటికే వాటిని విప్పేశారు. రావల్పిండిలో కూర్చునే పాకిస్తాన్ జనరల్స్ ఈ పాఠం ఎక్కడ చదివారో గానీ, మన దగ్గర మాత్రం దాన్ని బాగా అమలు చేశారు.

అడ్వైజరీ వచ్చిన రోజులు

కార్గిల్ గురించి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క ముక్కతో వదిలేస్తాను. 1999 జూలై 4న నవాజ్ షరీఫ్ తనంతట తనే వాషింగ్టన్ వెళ్ళి క్లింటన్ ముందు కూర్చున్నాడు. వాజ్‌పేయిని కూడా రమ్మంటే ఆయన రానన్నాడు. ఆ పంచాయితీ మనకి అనుకూలంగానే తేలింది. అందుకే మనకి అది పంచాయితీలా అనిపించలేదు.

నాకు దగ్గరగా తెలిసింది 2002. పార్లమెంటు మీద దాడి తర్వాత సరిహద్దులో సుమారు ఐదు లక్షల సైన్యం నెలల తరబడి నిలబడింది. యుద్ధం జరగకుండానే మందుపాతరల వల్ల, ప్రమాదాల వల్ల వందలమంది జవాన్లు పోయారు. నేనప్పుడు హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరాను. మా ప్రాజెక్టు అప్పగించడానికి అమెరికా నుంచి క్లయింట్ మనుషులు వచ్చి ఉన్నారు. మే చివర్లో భారత్ వదిలి వచ్చేయమని అమెరికా తన పౌరులకి సలహా ఇచ్చింది. మర్నాడు మా క్లయింట్లు హోటల్ ఖాళీ చేసి విమానం ఎక్కారు. అందులో ఒకాయన చాలా మర్యాదగా, "మీరు కూడా కుటుంబాన్ని ఎక్కడికైనా పంపిస్తున్నారా?" అని మా మేనేజర్‌ని అడిగాడు. ఆయన కుటుంబం ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఎక్కడికి పంపుతాడు?

తర్వాత కొన్ని వారాలు ఆఫీసులో టెన్షన్ అంతా బాంబు గురించి కాదు, కాంట్రాక్టు ఉంటుందా పోతుందా అని. జూన్‌లో అమెరికా విదేశాంగ ఉపమంత్రి రిచర్డ్ ఆర్మిటేజ్ వచ్చి, చొరబాట్లు శాశ్వతంగా ఆపుతానని ముషారఫ్ ఇచ్చిన మాట ఢిల్లీకి అందించి వెళ్ళాడు. మన సైన్యం కదలలేదు, ముషారఫ్ మాట నిలబడలేదు. కానీ ఒక దేశం మీద ఒత్తిడి తేవడానికి విమానవాహక నౌక అక్కర్లేదనీ, విదేశాంగ శాఖ వెబ్‌సైటులో నాలుగు లైన్లు మార్చితే చాలుననీ నాకు అర్థమైంది. ఆ నాలుగు లైన్లకి అంత బరువు ఎక్కడిది? బాంబు నుంచే. మామూలు యుద్ధమే వస్తుందనుకుంటే అమృత్‌సర్ నుంచి వెళ్ళిపొమ్మంటారు గానీ హైదరాబాద్ నుంచి వెళ్ళిపొమ్మనరు.

ఎవరూ చేయని ఫోను

2008 నవంబర్ 28. ముంబైలో తాజ్ హోటల్ ఇంకా మండుతోంది. పాకిస్తాన్ అధ్యక్షుడు జర్దారీకి ఫోన్ వచ్చింది, మాట్లాడేది భారత విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ అని. యుద్ధం తప్పదన్నట్టు బెదిరింపు. పాకిస్తాన్ తన వైమానిక దళాన్ని అప్రమత్తం చేసింది. ప్రణబ్ ఆ ఫోన్ చేయనేలేదు. ఎవరో ఆయన పేరు చెప్పుకుని చేసిన ఆకతాయి కాల్ అది. తన పేరు మీద యుద్ధ బెదిరింపు వెళ్ళిందన్న సంగతి ప్రణబ్‌కి తెలిసింది కూడా మూడో దేశాల మిత్రుల ద్వారానే.

ఈ సంఘటనను నేను చాలా రకాలుగా తిప్పి చూశాను. పెద్దమనిషి ఉండటం వల్లే ఆ రాత్రి గండం గడిచింది అని కూడా అనొచ్చు. అది నా వాదనకి గట్టి దెబ్బే. కానీ అసలు అడగాల్సింది వేరు. జర్దారీ ఫోన్ పెట్టేసి నేరుగా ఢిల్లీకి ఎందుకు చేయలేదు? విదేశాంగ కార్యదర్శుల మధ్య హాట్‌లైన్‌కి 2004లోనే ఒప్పుకున్నారు. నంబరు ఉంది, తీగ ఉంది. కానీ కంగారు పుట్టగానే రెండు రాజధానుల చేతులూ వాషింగ్టన్ నంబరు వైపే వెళ్ళాయి. అలవాటైపోయింది.

2019లో ఆ అలవాటు ఇంకో మెట్టు ఎక్కింది. బాలాకోట్ దాడి తర్వాత మన పైలట్ అభినందన్ పాకిస్తాన్‌కి పట్టుబడ్డ రోజు ఫిబ్రవరి 27. ఆ రోజు ట్రంప్, ఆయన విదేశాంగ మంత్రి పాంపియో హనోయ్‌లో ఉన్నారు, కిమ్ జోంగ్ ఉన్ బాంబుల గురించి మాట్లాడటానికి. మర్నాడు అక్కడి నుంచే ట్రంప్, భారత్ పాకిస్తాన్‌ల నుంచి మంచి కబురు వస్తుందని విలేకరులకి చెప్పాడు. అభినందన్‌ని వదిలేస్తామన్న ఆ మంచి కబురు మనకి ఇస్లామాబాద్ పార్లమెంటు నుంచి అందింది తర్వాతే.

ఇక 2025. మే 8న అమెరికా ఉపాధ్యక్షుడు వాన్స్ టీవీలో, ఈ యుద్ధం ప్రాథమికంగా మా పని కాదు అన్నాడు. ఆ మాట విని నేను కొంచెం సంతోషించాను కూడా. మర్నాడే ఆయన మోదీకి ఫోన్ చేశాడు. మధ్యలో యుద్ధం వైమానిక స్థావరాల దాకా పాకింది. మే 10 తెల్లవారుజామున రావల్పిండిలోని నూర్ ఖాన్ స్థావరం మీద మన క్షిపణులు పడ్డాయి. అదే రోజు, అణ్వాయుధాలను చూసే తమ నేషనల్ కమాండ్ అథారిటీ సమావేశమవుతోందని పాకిస్తాన్ నుంచి వార్త వచ్చింది. కాసేపటికి రక్షణ మంత్రి ఖ్వాజా ఆసిఫ్ అలాంటి సమావేశమేదీ లేదన్నాడు. సమావేశం జరిగిందా లేదా అన్నది ముఖ్యం కాదు. ఆ వార్త ఎవరికోసం వదిలారో వాళ్ళకి చేరింది.

రెండు రోజుల తర్వాత ప్రధాని తన ప్రసంగంలో, అణు బ్లాక్‌మెయిల్‌ని ఇక సహించబోమన్నారు. ఆ మాటలో నిజాయితీ ఉంది. అంతకుముందు ఏ అణు దేశం మీదా ఇంత లోతుగా క్షిపణులు వేయడం అరుదు, మనం వేశాం. కానీ బ్లాక్‌మెయిల్ గురి మన మీద మాత్రమే ఉందనుకోవడంలో పొరపాటుంది. పాకిస్తాన్ బెదిరింపు సగం మనకి, సగం వాషింగ్టన్‌కి. మనం భయపడకపోయినా వాషింగ్టన్ భయపడితే వాళ్ళ పని అయిపోతుంది. జూన్‌లో పాకిస్తాన్ ప్రభుత్వం ట్రంప్‌కి నోబెల్ శాంతి బహుమతి ఇవ్వాలని సిఫార్సు చేసింది. అదే నెలలో మోదీ ట్రంప్‌తో ఫోన్‌లో, మేం మధ్యవర్తిత్వం ఒప్పుకోలేదు, ఒప్పుకోము అని చెప్పారని మిస్రీ ప్రకటించాల్సి వచ్చింది. పెద్దమనిషికి దండ వేసిన వాళ్ళు ఒకరు, ఆయన రానేలేదని చెప్పుకోవాల్సి వచ్చిన వాళ్ళు ఒకరు. ఆ దృశ్యంలో ఎవరి విదేశాంగ విధానం ఇరుక్కుందో వేరే చెప్పాలా?

గల్వాన్‌కి ఎవరూ రాలేదు

నా వాదనలో నాకే తట్టిన పెద్ద అడ్డంకి చైనా. అదీ అణు దేశమే. ఆయుధాల లెక్కలు కట్టే స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి లెక్క ప్రకారం 2025 మొదట్లో చైనా దగ్గర సుమారు 600 వార్‌హెడ్లు, మన దగ్గర 180, పాకిస్తాన్ దగ్గర 170. 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో మన జవాన్లు 20 మంది చనిపోయారు. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు వాళ్ళలో ఒకరు కావడంతో ఆ వార్త మన ఇళ్ళల్లోకి ఎలా వచ్చిందో గుర్తుండే ఉంటుంది. అంతకు మూడు వారాల ముందే ట్రంప్ మధ్యవర్తిత్వం చేస్తానని ట్వీట్ చేశాడు. ఢిల్లీ వద్దంది, బీజింగ్ కూడా వద్దంది. తర్వాత నాలుగేళ్ళకు పైగా కోర్ కమాండర్లు, దౌత్యవేత్తలు రౌండ్ల మీద రౌండ్లు కూర్చుని, 2024 అక్టోబర్‌లో గస్తీ ఒప్పందం దాకా తెచ్చుకున్నారు. అది మంచి ఒప్పందమా కాదా అన్నది వేరే పోస్టు. కానీ ఇద్దరే తెచ్చుకున్నారు.

మరి రెండు వైపులా బాంబులుంటే మూడో మనిషి తప్పడని నేనన్నది ఏమైంది?

చైనాని కూర్చోబెట్టి సర్దిచెప్పే స్థాయి ఎవరికీ లేదు, అది సగం జవాబు. మిగతా సగం నాకు ముఖ్యం. గల్వాన్‌లో అంత ఘోరం జరిగినా ఒక్క తూటా పేలలేదు. కారణం, వాస్తవాధీన రేఖకి రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదన్న 1996 ఒప్పందం. ఆ కాగితాన్ని తిట్టిన వాళ్ళు అప్పుడు చాలామంది. మన జవాన్ల చేతులు కట్టేసిందన్నారు, ఆ బాధ నాకూ ఉంది. అయినా ఆ రాత్రి తూటా పేలి ఉంటే తెల్లారేసరికి ఢిల్లీలో ఎవరి విమానం దిగేదో ఊహించుకోండి. ఇద్దరి మధ్య ముందే రాసుకున్న కట్టుబాటు ఉన్నచోట పెద్దమనిషికి పని తగ్గింది.

జనవరి 1 జాబితా

పాకిస్తాన్‌తోనూ అలాంటి కాగితాలు ఉన్నాయి. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని 1988 డిసెంబర్ 31న రాజీవ్ గాంధీ, బెనజీర్ భుట్టో ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం 1992 నుంచి ప్రతి జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. 2002 జనవరి 1న, లక్షల సైన్యం ఎదురెదురుగా నిలబడి ఉన్న రోజున కూడా ఇచ్చుకున్నారు. పత్రికల్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తుంది, ఎవరూ చదవరు. దానికోసం ఎవరూ స్వీట్లు పంచలేదు. ఏ అమెరికా వాడూ వచ్చి దాన్ని అమలు చేయించడం లేదు.

2005లో ఇంకో ఒప్పందం: బాలిస్టిక్ క్షిపణి పరీక్షకి కనీసం మూడు రోజుల ముందు అవతలి వాళ్ళకి తెలియజేయాలి. 2007లో, అణ్వాయుధాల ప్రమాదం జరిగితే చెప్పుకోవాలని మరొకటి. ఇవన్నీ బాగున్నాయి, కానీ పాతబడిపోయాయి. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి, సరిహద్దు దాటి, పాకిస్తాన్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. హైదరాబాద్‌లో కూర్చే క్షిపణి అది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. మనం బహిరంగంగా ఒప్పుకున్నది రెండు రోజుల తర్వాత. ఆగస్టులో ముగ్గురు అధికారులను ఉద్యోగాల నుంచి తీసేశారు. బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి, బాలిస్టిక్ కాదు, కాబట్టి 2005 ఒప్పందం దానికి వర్తించదు. 2025 మేలో ఆకాశమంతా నిండిన డ్రోన్లకి ఏ ఒప్పందమూ లేదు.

ఆ మార్చి 9 సాయంత్రం, మే 2025 లాంటి వాతావరణంలో వచ్చి ఉంటే? పాకిస్తాన్ వాళ్ళు దాన్ని పొరపాటు అని నమ్మి ఉండేవాళ్ళా? మనమైనా నమ్మి ఉండేవాళ్ళమా?

"అయితే బాంబు పారేయమంటావా?" అన్నాడు బాబాయి, సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి. అనను. 1964లో చైనా పరీక్ష చేశాక మనం ఊరుకోగలిగే వాళ్ళం కాదేమో. మనం చేయకపోయినా, 1971 ఓటమి తర్వాత బెనజీర్ తండ్రి జుల్ఫికర్ అలీ భుట్టో 1972 జనవరిలోనే ముల్తాన్‌లో శాస్త్రవేత్తలను కూర్చోబెట్టి బాంబు చేయమన్నాడు, మన తొలి పరీక్షకి రెండేళ్ళ ముందే. బాంబు వల్లే అమెరికా మనల్ని పట్టించుకుందనీ, 2008 అణు ఒప్పందం దాకా తెచ్చిందనీ అనే వాళ్ళ మాటలో కూడా పస ఉంది. పరీక్షల తర్వాత మన జశ్వంత్ సింగ్, అమెరికా విదేశాంగ ఉపమంత్రి స్ట్రోబ్ టాల్బాట్ పద్నాలుగు సార్లు కూర్చుని మాట్లాడుకున్నారంటే అది బాంబు పుణ్యమే. నేననేది చిన్న విషయం. బాంబు మనకి భద్రత ఇచ్చి ఉండొచ్చు, హోదా ఇచ్చి ఉండొచ్చు, కానీ స్వతంత్రం ఇచ్చిందని చెప్పుకోవడం మానేద్దాం. పాకిస్తాన్ విషయంలో అది ఉన్న స్వతంత్రంలోంచి కొంత పట్టుకుపోయింది. దాన్ని తిరిగి సంపాదించుకునే దారి ఈ విసుగు పుట్టించే కాగితాల్లోనే ఉంది.

ఇక్కడ నాకొక సందేహం మిగిలిపోయింది. పెద్దమనిషి రావడమే లాభమైనవాడు, ఇద్దరి మధ్య ఏర్పాట్లకి ఎందుకు ఒప్పుకుంటాడు? 2021 ఫిబ్రవరిలో ఇద్దరు డీజీఎంవోలు కలిసి నియంత్రణ రేఖ దగ్గర కాల్పులు ఆపుతున్నామని ప్రకటిస్తే, ఇదిగో ఇద్దరే చేసుకున్నారు అని నేను సంబరపడ్డాను. కొన్ని వారాలకే అందులో తమ పాత్ర ఉందని అమెరికాలోని యూఏఈ రాయబారి చెప్పాడు. అక్కడా ఒకడున్నాడు! అయినా ఆ విరమణ 2025 దాకా చాలావరకు నిలబడింది, జాబితాలూ ఆగలేదు. రావల్పిండికి కూడా కొన్ని ఏర్పాట్లు అవసరమే అన్నమాట. పొరపాటున పడే క్షిపణికి వాళ్ళూ మనంతే భయపడతారు.

అడగాల్సినవి పెద్దవేం కావు. 2005 ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణులను చేర్చాలి. డ్రోన్లకి ఒక నియమం రాసుకోవాలి. అన్నిటికంటే ముందు, మాట్లాడటానికి మనుషులు ఉండాలి. 2019 నుంచి రెండు రాజధానుల్లోనూ హైకమిషనర్లు లేరు. 2025 ఏప్రిల్ పహల్గామ్ ఉగ్రదాడి తర్వాత రక్షణ సలహాదారులను కూడా పంపించేశారు. మిగిలింది డీజీఎంవోల ఫోను. దాంట్లో కాల్పులు ఆపమని చెప్పుకోవచ్చు గానీ, నిన్న రాత్రి మీ మంత్రి అన్న మాటకి అర్థమేమిటని అడగలేం. అది అడగడానికి మనిషి లేకే కదా వాషింగ్టన్‌ని అడగాల్సి వస్తోంది.

హైకమిషనర్‌ని తిరిగి పంపాలంటే ఉగ్రవాదానికి బహుమతి ఇచ్చినట్టే అంటారు. మరి కార్గిల్ కొండల మీద మన వాళ్ళు ప్రాణాలిస్తున్నప్పుడు కూడా మన హైకమిషనర్ పార్థసారథి ఇస్లామాబాద్‌లోనే ఉన్నారు. 1999 జూన్ 12న, యుద్ధం మధ్యలో, పాకిస్తాన్ విదేశాంగ మంత్రి సర్తాజ్ అజీజ్ ఢిల్లీ వచ్చి జశ్వంత్ సింగ్‌ని కలిశాడు. ఏమీ తేలలేదు, వచ్చినంత తొందరగా వెళ్ళిపోయాడు. అప్పుడు ఉన్నది వాజ్‌పేయి ప్రభుత్వం, పోఖ్రాన్ పరీక్షలు చేసి ఏడాదే అయింది. ఆ రాకని ఎవరూ బలహీనత అనలేదు, యుద్ధమూ ఓడిపోలేదు.